కుడితికి ఇంగ్లీషు లేదు

నాకు కోపం తొందరగా వస్తుంది. ఆ సంగతి ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. నా గదిలోకి వచ్చేముందు బయట కూర్చున్న అటెండరుని "ఇవాళ వాతావరణం ఎలా ఉంది?" అని అడిగి మరీ వస్తారని నాకు చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. విన్నప్పుడు కోపమే వచ్చింది, తరవాత నవ్వొచ్చింది. మనుషుల బాగోగులు చూసే శాఖలో ఇరవై ఏళ్ళుగా ఉన్నదానికి ఇంత కోపం పనికిరాదని మా ఆయన అంటారు. ఆయనది బ్యాంకు ఉద్యోగం. అక్కడ కోపం తెచ్చుకునేవాళ్ళంతా కౌంటరుకి అవతలి పక్కే ఉంటారు.

మాది మందుల సీసాలకు మూతలు తయారుచేసే ఫ్యాక్టరీ. అనకాపల్లి దాటాక, చెరకు తోటల మధ్య ఉంటుంది. మూడు షెడ్లు, ఒక క్యాంటీను, ఒక చిన్న ఆఫీసు. అక్కడ నేను హెచ్చార్ మేనేజర్ని. అంటే ఉద్యోగం ఇచ్చేదీ, సెలవు ఇచ్చేదీ, మెమో ఇచ్చేదీ, వాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళకు వెళ్ళి అక్షింతలు వేసేదీ నేనే.

ఆ మధ్య హెడ్డాఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఇకనుంచి మనది పర్యావరణాన్ని కాపాడే సంస్థ, కాబట్టి మనుషుల్ని పనిలోకి తీసుకోవడం దగ్గర్నుంచి వాళ్ళకి నేర్పడం, మార్కులు వెయ్యడం, పై మెట్టు ఎక్కించడం దాకా అన్నీ ఆ పద్ధతిలోనే సాగాలని దాని సారాంశం. దానికి గ్రీన్ హెచ్చార్ అని పేరు. మమ్మల్ని విశాఖపట్నంలో ఒక హోటల్లో రెండు రోజుల శిక్షణకు పిలిచారు. ఏసీ ఎంత పెట్టారంటే, నేను చీరకొంగు భుజాల చుట్టూ కప్పుకుని కూర్చున్నాను. ప్రతి మనిషి ముందూ ఒక ప్లాస్టిక్ నీళ్ళ సీసా. పాఠమేమో కరెంటు ఎలా పొదుపు చెయ్యాలి, ప్లాస్టిక్ ఎలా తగ్గించాలి అని. నేను ఊరుకోలేక లేచి, "ముందు ఆ ఏసీ తగ్గించండి బాబూ" అన్నాను. పాఠం చెప్పే ఆయన "చాలా మంచి పాయింట్ మేడమ్" అని, కొత్త చార్టు ఒకటి తీసి దాని మీద నా పాయింటు రాసి గోడకి అంటించాడు. ఏసీ మాత్రం తగ్గలేదు.

వెటకారం చేశానే గాని, తిరిగొచ్చాక ఆ పనిని నెత్తికెత్తుకున్నాను. ఏదైనా మొదలుపెడితే నాకు అదే లోకం. కాగితాల దరఖాస్తులు ఆపేశాం. జీతం చీటీ ఫోనుకే వస్తుంది. కొత్తగా చేరినవాళ్ళు మొదటి రోజు ఆవరణలో ఒక మొక్క నాటాలి. ప్రొబేషన్ ముగిసే రోజున మొక్క బతికిందా లేదా అని కూడా చూస్తాం. ఒకాయన మొక్క ఎండిపోతే, వాళ్ళ ఊర్నుంచి సరిగ్గా అంతే ఎత్తున్న మొక్క తెచ్చి పాతేశాడు. ఆయన నాటింది వేప, అక్కడ ఉన్నది కానుగ. ఇదేమిటయ్యా అని నిలదీస్తే, "ఇక్కడి నేలకి అలా మారిపోయినట్టుంది మేడమ్" అన్నాడు. తిట్టాలనే పిలిచాను, నవ్వు ఆగక సంతకం పెట్టేశాను.

బైకుల స్టాండు సగం తీసేసి బస్సు వేశాం. దానికో గొడవ. "బస్సులో వత్తే దార్లో టీ తాగడం ఎలాగండి?" అని షెడ్డంతా వచ్చి నా గది ముందు నిలబడింది. ఇంట్లో తాగి రండి అన్నాను. శుక్రవారం గ్రీన్ డే అని బోర్డు పెడితే, మొదటి వారం సగం మంది ఆకుపచ్చ చొక్కాలు వేసుకొచ్చారు. తప్పు వాళ్ళది కాదు, ఆ రోజు ఏం చెయ్యాలో నేను బోర్డు మీద రాయలేదు.

అన్నిటికంటే పెద్ద మార్పు మార్కులది. ఏడాదికోసారి పనితీరుకు వేసే నూరు మార్కుల్లో ఇరవై ఈ అలవాట్లకి కేటాయించాను. కాంట్రాక్టు మనుషుల్ని కంపెనీ రోల్లోకి, అంటే పర్మినెంటుగా, తీసుకునేటప్పుడు కూడా ఇవే మార్కులు చూస్తాం. పర్యావరణ నియమం తప్పినవాళ్ళ పేరు ఆ ఏడాది జాబితాలో ఉండదు. ఈ ఆఖరి రూలు హెడ్డాఫీసు పెట్టింది కాదు. నేనే రాసి పంపాను. వాళ్ళు మెచ్చుకుని అన్ని ఫ్యాక్టరీలకూ పంపారు. పది రోజులపాటు నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఇక్కడ క్యాంటీను అప్ప గురించి చెప్పాలి. ఆమెది మునగపాక. మా క్యాంటీన్లో పదకొండేళ్ళుగా వంట చేస్తోంది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. నేను పుట్టింది మాకవరపాలెం పక్క పల్లెలో అని తెలిసిన రోజునుంచి ఆమె నన్ను మేడమ్ అనడం మానేసి అమ్మా అంటుంది. మా వైపు అక్కని అప్ప అంటారు, అందుకని నేను ఆమెని అప్పా అంటాను. ఇంట్లో ఎవరి మీదో అలిగి తినకుండా వచ్చిన రోజు నా మొహం చూడగానే కనిపెట్టేసేది. "ఓలమ్మ, పొద్దున్నే అలిగీసి వచ్చేవేటి? కూకో ముందు" అని కంచంలో ఇంత పెట్టి, తినేదాకా ఎదురుగా నిలబడేది. ఆ ఫ్యాక్టరీలో నేను ఎదురు చెప్పకుండా వినేది ఆమె ఒక్కదాని మాటే.

పదకొండేళ్ళూ ఆమె కాంట్రాక్టు మనిషే. ప్రతి ఏప్రిల్లో కాంట్రాక్టరు మారతాడు. కొత్త కాంట్రాక్టరు తరఫు మనిషి గేటు దగ్గర నిలబడి పేర్లు చదువుతాడు. పేరు చదివితే లోపలికి, చదవకపోతే ఇంటికి. "నా పేరు సదివీదాకా గుండె దడదడ కొట్టీసుకుంటాదమ్మా" అనేది. కంపెనీ రోల్లోకి వస్తే ఆ బాధ ఉండదు, రిటైరయ్యేదాకా ఎవరూ కదపరు. ఆమె కోరుకున్నది అదొక్కటే. ఆ సంవత్సరం ఆరుగురిని తీసుకుంటామన్నారు. దానికి వయసు హద్దు ఉంది, ఆమెకి అదే ఆఖరి సంవత్సరం. ఈసారి రాకపోతే ఇంక ఎప్పటికీ రాదు. జాబితాలో మొట్టమొదట ఆమె పేరే రాశాను. రాసి ఆమెకి చెప్పేశాను కూడా. చెప్పకూడదు, అయినా నోరు ఆగలేదు.

అప్పుడే చెత్త తూచే పద్ధతి మొదలైంది. మూడు రంగుల డ్రమ్ములు తెప్పించాం. తడి చెత్త ఆకుపచ్చ డ్రమ్ములో వేసి, కాటా మీద తూచి, వెనక తవ్వించిన ఎరువు గోతిలో పొయ్యాలి. ఏ చెత్తా పాసు లేకుండా గేటు దాటకూడదు. రోజూ ఒక ఫారం నింపి, ఫోనుతో ఫోటో తీసి పంపితే అది నేరుగా హెడ్డాఫీసు కంప్యూటర్లోకి పోతుంది. ఫారం ఇంగ్లీషులో వచ్చింది. తెలుగు చేసింది నేనే. "ఈ రోజు క్యాంటీన్లో వచ్చిన తడి చెత్త, కిలోల్లో" అని రాశాను. బడిలో తెలుగులో నాకెప్పుడూ మంచి మార్కులే, ఆ గర్వం ఇంకా పోలేదు. క్యాంటీను ఫారం నింపే పని అప్పకే అప్పగించాను. ఏడో తరగతి దాకా చదివింది, దస్తూరీ ముచ్చటగా ఉంటుంది.

మొదటి రోజు ఆమె ఆ గడిలో సున్న చుట్టింది. రెండో రోజూ సున్నే. అలా రెండు నెలలు రోజూ సున్నే. నేను చూడలేదు. నెలాఖరుకి మూడు షెడ్లూ క్యాంటీనూ కలిపిన మొత్తం ఒక్కటే నా దగ్గరికి వచ్చేది, అది బాగానే కనిపించేది. చూసింది హెడ్డాఫీసువాళ్ళు. రోజూ రెండొందల మందికి అన్నం వండే చోట చెత్తే రాకపోవడం ఏమిటి, ఇది అద్భుతమైనా కావాలి, అబద్ధమైనా కావాలి, తేల్చి చెప్పండి అన్నారు.

మా సెక్యూరిటీ ఆఫీసరు మిలిటరీలో చేసి వచ్చిన మనిషి. కెమెరా రికార్డు తిరగేశాడు. రోజూ మధ్యాహ్నం భోజనాలు అయ్యాక అప్ప మూతలు బిగించిన రెండు నూనె డబ్బాలు వెనక గేటు దాకా మోసుకొస్తోంది, బయట మోపెడ్ మీదున్న వాళ్ళాయనకి అందిస్తోంది. పాసు లేదు. తూకం లేదు. ఆయన దృష్టిలో అది దొంగతనం, పైగా దొంగ రిపోర్టు. విచారణ పెట్టాలన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నూనె డబ్బాల్లో ఉన్నది నూనే అనుకున్నాను. మొదటి పేరుగా పెట్టినందుకు నా పరువు ఇలా తీస్తుందా అనుకున్నాను. క్యాంటీనుకి వెళ్ళి ఒక్కసారి అడిగితే సరిపోయేది. కోపంలో వెళ్ళలేదు. విచారణకు ముందు మాట్లాడకూడదని రూలు ఉంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రెండు రోజులు ఇంటినుంచి క్యారేజీ తెచ్చుకుని గదిలోనే తిన్నాను.

విచారణ ప్లాంట్ హెడ్ గదిలో జరిగింది. ఆయన ఉత్తరాది మనిషి, వచ్చి ఏడాది కాలేదు. మంచివాడే. తెలుగులో "బాగున్నారా", "భోజనం అయ్యిందా" తప్ప రాదు. సెక్యూరిటీ ఆఫీసరుది ఒడిశా. తెలుగు అర్థమవుతుంది గాని పల్లె మాటలు అందవు. అందుకని వాళ్ళు అడిగింది తెలుగులోనూ, ఆమె చెప్పింది ఇంగ్లీషులోనూ చెప్పే పని నాది. అప్ప ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"క్యాంటీన్ చెత్తని మీరు పాసు లేకుండా బయటికి పంపించారా?" అని అడిగాను. ఆమెని మీరు అనడం అదే మొదటిసారి.

ఆమె నాకేసి వింతగా చూసింది. "సెత్తా? సెత్త నేనెందుకు అంపుతానమ్మా? సెత్త ఎవులిక్కావాల?"

ఆ మాట ఇంగ్లీషులో చెప్పాను. చెత్త తీసుకెళ్ళలేదంటోంది అని ప్లాంట్ హెడ్ రాసుకున్నాడు. సెక్యూరిటీ ఆఫీసరు కెమెరా ఫోటో తీసి బల్ల మీద పెట్టాడు.

"మరి ఈ డబ్బాల్లో ఏముంది?" అన్నాను.

"కుడితమ్మా" అంది అప్ప. "బియ్యం కడిగిన నీల్లు, గంజి, కూరల తొక్కులు, మిగిలిపోయిన అన్నం. గేదికి. మా ఆయనొచ్చి పట్టుకెల్తాడు. పదకొండేల్లనుంచి పట్టుకెల్తన్నాం. గేటుకాడ అందరికీ తెలుసు."

కుడితి! నా చెవిలో ఆ మాట పడి ఎన్నేళ్ళయిందో. మా ఇంట్లో గొడ్లసాల ముందు రాతి తొట్టి ఉండేది. అమ్మ బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, వంకాయ తొడిమలు, బీరకాయ చెక్కు, అన్నీ అందులోకే వేసేది. ఒకసారి నేను మందు బిళ్ళ కాగితం అందులో పడేస్తే, వీపు మీద ఒక్కటిచ్చి, "అది తాగీది కాదేటే? నీ కంచంలో ఏత్తే ఊరుకుంటావా?" అంది. చెత్త అంటే చీపురుతో ఊడ్చి పెంటమీద పోసేది. కుడితి ఒక నోటికి తిండి. ఈ రెండింటినీ కలిపి మాట్లాడేవాళ్ళు మా వైపు ఎవరూ లేరు. నేను ఫారంలో చెత్త ఎంత అని అడిగాను. ఆమె ఉన్నదున్నట్టు సున్న అని రాసింది. రెండు నెలలపాటు ఆ ఫ్యాక్టరీలో నిజం రాసింది ఆమె ఒక్కతే.

"ఏమంటోంది?" అన్నాడు ప్లాంట్ హెడ్.

కుడితికి ఇంగ్లీషులో మాట లేదు. అది నిజమే. కానీ నాలుగు ముక్కల్లో విడమరిచి చెప్పడానికి నాకు ఇంగ్లీషు చాలు. చెప్తే ఏమవుతుంది? ఫారం తప్పు అని తేలుతుంది. ఆ తెలుగు నాది. పేరు తీసేసే రూలు తప్పు అని తేలుతుంది. ఆ రూలూ నాదే, అన్ని ఫ్యాక్టరీలకూ పోయింది. పైగా నాలుగు ఫ్యాక్టరీలకి కలిపి ఒక పెద్ద హెచ్చార్ పదవి ఆ నెలలోనే ఖాయం చేస్తారని, అందులో నా పేరు కూడా ఉందని విని ఉన్నాను. ఇదంతా నేను ఒక్క గుక్క మంచినీళ్ళు తాగినంతసేపట్లో ఆలోచించుకున్నాను.

"వెట్ వేస్ట్" అన్నాను.

ప్లాంట్ హెడ్ తాను రాసుకున్నది మళ్ళీ చదువుకున్నాడు. ముందు చెత్త తీసుకెళ్ళలేదంది, ఫోటో చూపించగానే తడి చెత్త తీసుకెళ్ళానంది. "తీసుకెళ్ళినందుకు వదిలేద్దును, అబద్ధం ఎందుకు చెప్పాలి?" అని నిజంగానే బాధపడ్డాడు. అప్పకి ఇంగ్లీషు రాదు. ఏం మాట్లాడుకుంటున్నారో తెలియక నా మొహంకేసి చూస్తూ నిలబడింది. నేను తలొంచుకుని రాసుకుంటున్నట్టు నటించాను.

పని నుంచి తీసెయ్యలేదు. చాలాకాలంగా చేస్తోందని దయ చూపించారు. హెచ్చరిక ఉత్తరం ఇచ్చి, జాబితాలోంచి పేరు తీసేశారు. ఆ ఉత్తరం నేనే రాశాను. తెలుగు చాలా బాగా కుదిరింది, ఒక్క అక్షరం తప్పు లేదు.

ఆమె నా మీద కోపం చూపించి ఉంటే నేనూ నాలుగు మాటలని బయటపడేదాన్ని. అలాంటిదేమీ లేదు. విచారణ జరిగిన మూడో రోజు నేను క్యాంటీనుకి వెళ్తే ఎప్పటిలాగే కంచం పెట్టింది. "సిక్కిపోయేవేటమ్మా, క్యారేజీ కూడు సల్లారిపోయి ఉంటాది" అంది. క్యాంటీను వెనక ఆ రెండు డబ్బాలు లేవు. వాటి చోట ఆకుపచ్చ డ్రమ్ము ఉంది, అంచుదాకా గంజి. రోజూ తూచి, గుండ్రటి అక్షరాలతో అంకె వేసి, ఫోటో తీసి పంపుతోంది. తడి చెత్త సున్న నుంచి ఒక్కసారిగా లేచేసరికి హెడ్డాఫీసు సంతోషించింది. పద్ధతి పనిచేస్తోందన్నారు. వారం తిరిగేసరికి గంజి పోసిన ఎరువు గొయ్యి పులిసి, ఈగలు ముసిరి, ఒకటో షెడ్డువాళ్ళు కిటికీలు మూసుకున్నారు.

ఇంట్లో ఓ పొద్దున్న బియ్యం కడిగి నీళ్ళు సింకులో పారబోస్తూ ఆగిపోయాను. నాకు చాలా సిగ్గేసింది. ఎన్నో ఏళ్ళుగా నేను పారబోస్తూనే ఉన్నాను. ఆమె ఒక్క చుక్క పారబోయలేదు. ఆ అలవాట్లకి ఇరవై మార్కులు వేసే కుర్చీలో నేను కూర్చున్నాను, ఆమె పేరు నా చేత్తోనే కొట్టేశాను.

ఆ ఆదివారం స్కూటీ మీద మునగపాక వెళ్ళాను. ఆమెకి చెప్పకుండానే వెళ్ళాను. రేకుల ఇల్లు, పక్కన తాటాకు సాల, అందులో ఒకటే గేదె. తొట్టిలో ఒట్టి నీళ్ళు, పైన గుప్పెడు తవుడు తేలుతోంది. వాళ్ళాయన చెరకు తోటకి వెళ్ళాడట. అప్ప నన్ను చూసి కంగారుపడి, చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చి మంచం వాల్చింది.

"రామ్మా, కూకో, టీ పెడతాను. పాలు కొంచెవేనమ్మా, తగ్గించీసింది. కుడితి మరిగిన గేదె కదా, ఒట్టి నీల్లకి మూతి పెట్టదు."

టీ గ్లాసు నా చేతికిచ్చి ఎదురుగా నేల మీద కూర్చుంది. "నా పేరు మల్లీ ఎక్కించడానికి అవదేటమ్మా?" అంది. "వచ్చే ఏడు వయసు దాటిపోద్ది కదా. మల్లీ ఆ గేటుకాడ పేరు సదివీదాకా నిలబడాలి."

"చూస్తానప్పా" అన్నాను.

"ఆ కాయితంలో నేను తప్పు రాసేనేటి? సెత్త ఎంత అని కదా ఉన్నాది. సెత్త లేదు కదా అని సున్న సుట్టేను."

"నువ్వు తప్పేం రాయలేదు."

"మరి నేనేటి తప్పు సేసేనమ్మా?"

"ఏమీ చెయ్యలేదప్పా."

ఇంకా ఏదో చెప్తానని ఆమె నాకేసి చూసింది. నోటిదాకా వచ్చింది. టీ గబగబా తాగేసి నాలుక కాల్చుకున్నాను, ఎండెక్కుతోందని లేచి వచ్చేశాను. నా నోటికి జడిసి షెడ్లకి షెడ్లు నిశ్శబ్దమైపోతాయి, ఆ పూట మాత్రం ఆ నోరు పెగల్లేదు.

సోమవారం పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి హెడ్డాఫీసుకి ఉత్తరం రాశాను. కుడితి అంటే ఏమిటో ఇంగ్లీషులో రాయడానికి ఆరు వరుసలు పట్టింది. అది చెత్త కాదని, ఏ దశలోనూ ఎవరూ దాన్ని పారెయ్యరని, వంటింట్లో పుట్టి తిన్నగా పశువు నోటికి పోతుందని రాశాను. ఆమె రాసిన సున్నలు నిజమని, విచారణలో చెప్పిన రెండు మాటలూ నిజమేనని రాశాను. పేరు తిరిగి చేర్చమన్నాను. ఇవన్నీ రాసి, చివర "ఇది అనువాదంలో దొర్లిన పొరపాటు" అని ముగించాను. పొరపాటు దొర్లింది. దొర్లించింది ఎవరో రాయలేదు.

రెండో రోజు హెడ్డాఫీసు నుంచి ఒకమ్మాయి ఫోను చేసింది. ఈ పర్యావరణ పట్టికలన్నీ చూసేది ఆమే. గుండె చిక్కబట్టుకుని ఎత్తాను. "మేడమ్, పశువులకి మేతగా వెయ్యడం ఎరువు చెయ్యడం కంటే మేలైన పద్ధతి. ఇంత మంచి అలవాటు మీ దగ్గరుంటే ఇన్నాళ్ళూ రాయలేదేం?" అంది. తిట్టలేదు. ఎవరూ తిట్టలేదు. ఫారం మారుద్దాం, దాన్ని మీరేమంటారో ఒక్కో అక్షరం చెప్పండి అని అడిగి రాసుకుంది. ఇప్పుడు మా కంపెనీకి వేరే రాష్ట్రాల్లో ఉన్న ఫ్యాక్టరీల ఫారాల్లో కూడా కుడితి అని ఒక గడి ఉంది. వాళ్ళు దాన్ని ఎలా పలుకుతారో నాకు తెలియదు. పోతుందని నేను భయపడిన పెద్ద పదవి మాత్రం అప్పటికే వేరే ఎవరికో ఖాయమైపోయిందట. అంటే ఆ రోజు నేను దేన్ని కాపాడుకోవాలని నోరు మూసుకున్నానో, అది అసలు నాది కానే కాదు.

ఆ పై వారం ఆర్డరు వచ్చింది. అప్పని నా గదికి పిలిచాను. ఈసారి కుర్చీలో కూర్చుంది. కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, పెదాలు కదుపుతూ తన పేరు రెండుసార్లు చదువుకుంది. కాంట్రాక్టరు దగ్గరలా వేలిముద్ర వెయ్యాలా అని అడిగి, వద్దంటే, ఓపిగ్గా పూర్తి పేరు సంతకం చేసింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నాకూ తిరిగాయి.

"ఇంక గేటుకాడ నిలబడక్కర్లేదు కదమ్మా?" అంది.

"అక్కర్లేదప్పా. రిటైరయ్యేదాకా నిన్నెవరూ కదపరు."

కాగితం నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. లేచింది. తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి బల్ల పట్టుకుని నిలబడింది.

"ఓ మాటడగనా అమ్మా? కోప్పడవు కదా?"

"కోప్పడను, అడుగు."

"ఆ రోజు నేను కుడితన్నాను కదా. పెద్ద సారుకి తెలీదు, ఆయనది ఎక్కడో దూరం. ఆ మిల్ట్రీ సారుకీ తెలీదు. నీకు తెలుసు కదా?"

ఇంగ్లీషులో ఆ మాట లేదప్పా అని చెప్పొచ్చు. ఫారంలో అలా ఉందని చెప్పొచ్చు. ఆమె నమ్మేది కూడా.

"తెలుసప్పా" అన్నాను.

ఆమె తలూపింది. మొహంలో కోపం లేదు. ఉంటే ఎంత బాగుండును.

"మరి సెప్పొచ్చు కదమ్మా" అంది. "ఒక్క మాటే కదా."

ఎసరు మరిగిపోతోంది, బియ్యం పొయ్యాలని చెప్పి ఆమె క్యాంటీనుకి వెళ్ళిపోయింది.